మంచు కొండకు ముందు ఊక గుట్ట

స్కీయింగ్ అంటే కాళ్ళకు రెండు పొడవాటి చెక్కలు కట్టుకుని మంచు కొండ మీంచి నిలబడి జారడం. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా కొండల్లో ఏ నెలలో వెళ్ళాలో, ఏ వాలు ఎవరికి తగునో నన్నడగండి, చెబుతాను. ఈ వయసులో నిటారు వాలు మీంచి కిందిదాకా నిలబడి జారినవాణ్ణి. వెళ్ళదలచినవారికి పనికొస్తుందని ఈ ప్రయాణం రాస్తున్నాను.

ప్రయాణం నరసన్నపేట నుంచి గజపతినగరం దాకా. మిగతా దూరం సంగతి తర్వాత.

దీనికంతటికీ కారణం మా తోడల్లుడు అప్పలనాయుడు. నా భార్య రమణమ్మకు చెల్లెలు గౌరి, ఆమె భర్త ఇతను. గజపతినగరంలో రైసుమిల్లు ఉంది. అత్తవారింట నేను పెద్దల్లుణ్ణి. ముందు విస్తరి నాకు వేస్తారు, ముందు బట్టలు నాకు పెడతారు, ఆ తర్వాతే అతనికి. పెళ్ళయిన నాటి నుంచి ఈ వరస తప్పలేదు. అలాంటిది పోయిన వారం ఫోన్ చేశాడు.

"అన్నియ్యా, ఈ సలికాలం స్విట్జర్లాండ్ ఎల్దారనుకుంతన్నాం. మంచులో జారతారట. నువ్వూ వదినా కూడా వస్తే నలుగురం ఎల్దుం."

ఆ "కూడా" నాకు ముల్లులా దిగింది. అతను దారి చూపిస్తే వెనకాల సంచీ పట్టుకుని నేను నడవాలా? "మేం ఆస్ట్రియా ఖాయం చేసేశాం కదా, అది ఇంకా ఎత్తు" అనేశాను.

చిక్కుళ్ళు ఒలుస్తున్న రమణమ్మ చెయ్యి ఆగింది. "ఆస్ట్రియా ఏటి? గౌరితో కలిసి ఇమానం ఎక్కుదారని నానెంత ఆశ పడ్డానో. మీకు అక్కసుగా ఉంటే మీరు మానీండి. నా ఆశకి అడ్డం పడకండి" అంది.

అక్కసు కాదని చెప్పి, నెట్ సెంటర్‌లో ఆస్ట్రియా కొండల బొమ్మలు రంగుల్లో తీయించుకుని, శనివారం ఉదయం ఆరున్నరకు ఆమెతో బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఉచితం కనక రమణమ్మ ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ పట్టుకుంది. నాకు పూర్తి టికెట్ కొట్టారు. ఆ పూట కడుపుమంటకు అదే బోణీ.

శ్రీకాకుళంలో ఎక్కినావిడ ఖాళీ చేపల తట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని నా కాగితాల మీదికి వంగింది.

"ఏటి తాతా అది, పిండి ఆరబోసినట్టున్నాది?"

"మంచు. అక్కడ జారడానికే వెళుతున్నాం."

"జారడానికి అంత దూరమెందుకు? వానాకాలం మా రేవు కాడికి రా, ఊరికినే జారతావు."

రమణమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

విజయనగరం బస్సు కాంప్లెక్సులో దిగి ఇడ్లీ, ఉప్మా తిన్నాం. ఉప్మా బాగుంది, చట్నీ నీళ్ళ చట్నీ. అక్కణ్ణుంచి గజపతినగరం బస్సులో పొద్దుటి పూట ఎడమవైపు కూర్చోండి, ఎండ పడదు. పదకొండు కాకుండానే మిల్లు పక్కనున్న వాళ్ళింటికి చేరాం.

అప్పలనాయుడు బల్ల మీద పటం పరిచాడు. నా దగ్గర బొమ్మలున్నాయి, అతని దగ్గర సంగతులున్నాయి. "కొత్తోళ్ళకి వేరే వాలుంటాది అన్నియ్యా, నేర్పడానికి మాస్టరుంటాడు. బూట్లు, సెక్కలు అక్కడే అద్దెకిస్తారు, కొనక్కర్నేదు. బీమా మట్టుకు మంచులో పడినా పనికొచ్చేదే తీసుకోవాల. వీసాకి ముందుగా తిరగాల." వింటున్నకొద్దీ నా ఒళ్ళు మండింది. "మీ ఆస్ట్రియాలో ఏ ఊరు?" అని అడిగాడు. నోరు తిరగని పేరని చెప్పాను. అతను మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత అందరినీ మిల్లు వెనక్కి తీసుకెళ్ళాడు. డాబా ఎత్తు ఊక గుట్ట. ఊక మీద చెప్పులు జారడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాడు కనక, మంచుకు ముందు ఇక్కడ అలవాటు చేసుకోవచ్చని చెక్కలు చిత్రిక పట్టించి పెట్టాడు. ఆడవాళ్ళు కింద నిలబడ్డారు, మేమిద్దరం గుట్ట పైకెక్కాం. అతను చెక్కలు కట్టుకోబోతుంటే నేను ఆగలేకపోయాను.

"పెద్దల్లుణ్ణి నేనుండగా నువ్వు ముందా?"

అతను వంగి, ఆ చెక్కలు నా కాళ్ళకే సైకిల్ ట్యూబుతో కట్టాడు. నేను బాణంలా దిగాను. ఊక రెండు పక్కలా నురగలా లేచింది. అడుగున నిలబడి చెయ్యి ఊపాను. అతను దిగడానికి జంకాడు.

భోజనాల్లో ముందు విస్తరి నాదే. వంకాయ కూరలో ఆవపెట్టు అదిరింది. అంతగా బతిమాలుతున్నారు కదా అని, ఆస్ట్రియా మానుకుని వాళ్ళతోనే వస్తానని ఒప్పుకున్నాను. అన్నిటా ముందు నా పేరే రాయించాలన్నాను. "అలాగే అన్నియ్యా" అన్నాడు.

నాలుగు గంటలకు తిరుగు బస్సు. ఇక ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. ఆస్ట్రియా ఖాయం చేయడం ఉత్తమాట. మొదట చెప్పిన నిటారు వాలు మంచుది కాదు, ఊకది. జారిన మాట మాత్రం నిజం. మొత్తానికి విదేశీ మంచుయాత్ర ఇంటి పెద్ద పూనుకుంటేనే కుదురుతుందని నాకు తోచింది. ఈ ముక్కలన్నీ బస్సులోనే రాసి రమణమ్మకు చదివి వినిపించాను.

"ఏటి నిజం?" అంది. "రెండడుగులు ఏసి తొడల్దాకా కూరుకుపోనారు. మా మరిది సంకల కింద సేతులేసి లాగినాడు. జంకి కాదు అతను దిగనిది. 'అన్నియ్య పడ్డ కాడ నాను జారితే బాగోదు వదినా' అన్నాడు. ఎల్దుం ఎల్దుం అని గౌరి నిరుడే గోల ఎట్టిందట. పెద్దల్లుడు ఎక్కకండా నాను ఇమానం ఎక్కనని కూకున్నాడట. మీ ఆస్ట్రియా అబద్ధమని ఫోన్లోనే పోల్చినాడు. అదీ రాయండి."