నిండుగా తిరిగొచ్చిన పెట్టె

మన్యపు కాంపు బంగళా నూతి దగ్గర చేద ఉంటుంది గాని తాడు ఉండదు. ఈ సంగతి బాలాంబకు తెలిసినంత బాగా నర్సీపట్నంలో మరెవరికీ తెలియదు. చిత్రమేమిటంటే ఆమె ఒక్క బంగళా కూడా చూసి ఎరగదు. పదిహేనేళ్లుగా కాంపులకు వెళ్లే ఉద్యోగస్థులకు పెట్టెలు సర్దుతోంది. తిరిగి వచ్చినవాళ్లు చెప్పుకునే ఇబ్బందులన్నీ విని గుర్తు పెట్టుకుంది, అంతే.

పన్నెండో ఏట భర్త పోయాడు. తరువాత పుట్టింటివారూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇప్పుడు నలభై ఆరో ఏట యాజులుగారింటి పెరటి గదిలో అద్దెకు ఉంటోంది. ఆ గదిలో వంట చేసుకునే మూల తప్ప మిగతా చోటంతా పెట్టెలదే. సంసారాలు వేరే ఊళ్లలో ఉన్నవాళ్లూ, సంసారాలే లేనివాళ్లూ మన్యం ఎక్కే ముందు తమ పెట్టె ఆమె దగ్గర పడేసి, ఏ రోజుకి కావాలో చెప్పి పోయేవారు.

ఆమె సర్దడానికి ఒక వరస ఉంది. బంగళాకు చేరేసరికి కావలివాడు ఉండడు, చీకటి పడుతుంది, ఆకలి వేస్తుంది. కాబట్టి లాంతరు, అగ్గిపెట్టె, అటుకులూ బెల్లం మూట పైన ఉండాలి. అగ్గిపెట్టెను మైనపు గుడ్డలో చుట్టాలి. ఉప్పు కొండమీద నీరు కారిపోతుంది, దాన్ని వెదురు గొట్టంలో పోసి మూతి బిగించాలి. నూనె సీసాను ఊక పోసిన కుండలో నిలబెట్టాలి. బట్టల మడతల్లో ఎండు వేపాకు వేయాలి. బంగళా పరుపు మీద అంతకు ముందు ఎవరు పడుకున్నారో దేవుడికే తెలుసు, దానిమీద పరచుకోవడానికి ఒక దళసరి దుప్పటి ఉండాలి. నూతికి తాడు సరేసరి.

సర్దడం అందరూ చూసేదే. ఆమె అసలు విద్య మాత్రం పెట్టె తిరిగి వచ్చినప్పుడు బయటపడేది. మూత తీసి ఒక్కొక్క డబ్బా కదిపి చూస్తే ఆ మనిషి పదిహేను రోజులూ ఎలా గడిపాడో ఆమెకు తెలిసిపోయేది. అటుకులు అయిపోయి బియ్యం మిగిలితే వంటవాడు పారిపోయాడన్నమాట. లాంతరు నూనె అయిపోయి, వేరుగా పెట్టిన కొవ్వొత్తులు కూడా అయిపోతే పేకాట సాగిందన్నమాట. తెలిసినదేదీ ఆమె ఎవరికీ చెప్పేది కాదు. తనలో తను కాస్త నవ్వుకుని, డబ్బాలు బూడిదతో తోముకునేది. రోజు మొత్తంలో ఆమె నవ్వేది ఆ కాసేపే.

ఒకసారి మాత్రం చెప్పవలసింది చెప్పలేదు. సర్వే గుమాస్తా ఒకాయన పెట్టె సగం నిండుగా వచ్చింది. బియ్యం తగ్గలేదు, మాగాయ జాడీకి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. ఏదో తేడాగా ఉందనుకుంది గాని మగవాళ్ల ఆఫీసుకు వెళ్లి అడగడానికి సిగ్గుపడి, మళ్లీ నింపి పంపింది. పెట్టె కొండమీదికి చేరేసరికి ఆయన పోయి రెండు రోజులయిందట. మన్యపు జ్వరం. అప్పటినుంచి ఏ పెట్టె మూత తీసినా ఆమె ముందుగా బియ్యం కొలిచి చూసేది.

అది జరిగిన నాలుగేళ్లకు, పంతొమ్మిదివందల ఇరవై ఏడు మార్గశిరంలో, ఓవర్సీరు రామచంద్రమూర్తిగారి పెట్టె నిండుగా తిరిగి వచ్చింది.

పితూరీ తిరుగుబాటు అణిగాక మన్యంలో కొత్త రోడ్లు వేస్తున్నారు. కృష్ణదేవిపేట దాటి కొండ ఎక్కితే వచ్చే చిన్న బంగళాలో ఆయన మకాం. నలభై దాటిన మనిషి, భార్య పోయి చాలా కాలమయింది, పిల్లలు లేరు. నెలకు పాతిక రోజులు కొండమీదే ఉంటాడు. పెట్టెను భీమన్న అనే కొండమనిషి కావిడి మీద దించి, నింపించుకుని తీసుకుపోతాడు. ఆయన పెట్టె అంటే బాలాంబకు ప్రత్యేకమైన ఇష్టం. రెండేళ్లుగా ఒక్క గింజ మిగలకుండా, అద్దంలా ఖాళీగా వచ్చే పెట్టె అదొక్కటే. తన చేతి పొడులూ పచ్చళ్లూ ఇంత ఇష్టంగా తినే మనిషి లోకంలో ఒకరున్నారని ఆమె అనుకునేది.

ఈసారి మూత తీస్తే బియ్యం అలాగే ఉంది. పొడులు అలాగే ఉన్నాయి. జాడీ గుడ్డ ముడి తను వేసినదే. ఖాళీ అయినవి రెండే, అల్లం మురబ్బా సీసా, మన్యపు జ్వరానికి మింగే కొయినా మాత్రల డబ్బా. తను పెట్టిన ఉన్ని శాలువ లేదు. అడుగున చీటీ ఉంది. "క్షేమం. పెట్టె ఎప్పటిలాగే పంపగలరు."

"బాబుగారికి ఒంట్లో ఎలా ఉంది?" అంది.

"బాగున్నారమ్మగోరూ," అన్నాడు భీమన్న నేలవైపు చూస్తూ.

"బాగుంటే అన్నం ఎందుకు తినలేదు?"

"నానేటి సెప్పగల్ను తల్లీ. బేగి నింపీయండి, ఎల్లిపోతాను."

"నా మొహం చూసి చెప్పు."

భీమన్న చూడలేదు. కావిడి తాళ్లు సరిచేసుకుంటూ కూర్చున్నాడు. ఆమెకు ఇంకేమీ అడగవలసిన పని లేకపోయింది. ఆయన మొహమాటస్థుడు, చస్తూ కూడా క్షేమమనే రాస్తాడు. వాడి చేత కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఉంటాడు.

ఈసారి ఆమె ఓవర్సీరుగారి ఆఫీసుకు వెళ్లింది. హెడ్ గుమాస్తా ముక్కుపొడుం పీలుస్తూ అంతా విన్నాడు.

"అమ్మా, ఓవర్సీరుగారు మంచాన పడ్డారని మీకు ఎవరు చెప్పారు?"

"మాగాయ జాడీ చెప్పిందండి."

వెనక బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. హెడ్ గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. "బాలాంబగారూ, ఊరగాయ తినలేదని గవర్నమెంటువారు మనిషిని పంపరండి. మొన్ననే ఆయన రిపోర్టు వచ్చింది. మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్లండి."

"రిపోర్టు మంచం మీద పడుకుని కూడా రాయొచ్చండి," అని ఆమె వచ్చేసింది. అంత మాట మగవాళ్ల ఎదుట అన్నందుకు దారి పొడుగునా తల ఎత్తకుండా నడిచింది.

సాయంత్రానికి ఆమె ప్రయాణం కట్టిందని తెలిసి వర్ధనమ్మ పెరట్లోకి వచ్చింది. యాజులుగారి భార్య ఆవిడ, నోరు పెద్దది, మనసు మరీ చెడ్డది కాదు.

"ఏటే బాలాంబా ఈ చోద్యం! కొండమీద మగవాడున్న బంగళాకి నువ్వు వెళ్తావా? ఏమవుతాడే నీకు?"

"ఏమీ అవడు వదినా."

"మరి ఊళ్లో వాళ్లకి ఏం చెప్పను?"

"మందు తీసుకెళ్లిందని చెప్పు."

"ఆ మందేదో మాకూ చెప్పమంటారే తల్లీ!" అని వర్ధనమ్మ చెంపలు వాయించుకుంది.

తెల్లవారగానే కృష్ణదేవిపేట పోయే బండి దొరికింది. భీమన్న కావిడితో పక్కన నడిచాడు. దారిలో రెండుసార్లు అన్నాడు, "ఒద్దమ్మగోరూ, తిరిగెల్లిపోండి. నా మాటినండి." వాడు వద్దన్న కొద్దీ ఆమెకు భయం ఎక్కువయింది.

కృష్ణదేవిపేట సత్రం ముందు బండి దిగేసరికి పొద్దు వాలుతోంది. భీమన్న పెట్టె దించి, తెల్లారి వస్తానని తనవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. సత్రం చూసేవాడు ఆమెనూ, ఆమె వెనక ఖాళీ వీధినీ చూశాడు.

"వెంట ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరు నాయనా."

"ఒంటరి ఆడమనిషికి గది ఇస్తే మాట వస్తుంది. ఆ అరుగు మీద సర్దుకోండి."

ఆమె అరుగు మీద కూర్చుని, పెట్టె మూత తీసింది. బార్లీ, సగ్గుబియ్యం, శొంఠి, జ్వరమొచ్చిన మనిషికి కప్పడానికి రెండు దుప్పట్లు, దోమతెర, తడిపి నుదుటి మీద వేయడానికి గుడ్డలు. అడుగుదాకా వెతికింది. తనకోసం ఏమీ పెట్టుకోలేదు. ఒక చాప లేదు, నీళ్లు తాగడానికి చెంబు లేదు, పిడికెడు అటుకులు లేవు. ఎంతమందికో చేరిన క్షణాన ఏం కావాలో చెప్పిన మనిషి తను. దుప్పట్లలో ఒకటి తీసి పరచుకోవచ్చు గాని, రోగికి తీసుకెళ్తున్నది మైలపడుతుందని మనసొప్పలేదు. పెట్టెకు వీపు ఆనించి అలాగే కూర్చుంది. సత్రంలో దిగిన ఒక కుటుంబం లోపల వండుకుంటోంది. పోపు వాసన, చంటిపిల్ల ఏడుపు, ఎవరో ఎవరినో విసుక్కోవడం వినిపిస్తూనే ఉన్నాయి. వాళ్లలో ఎవరూ బయటికి రాలేదు. వస్తే ఏం మాట్లాడాలో ఆమెకూ తెలియదు.

మర్నాడు కొండ ఎక్కేసరికి మధ్యాహ్నమయింది. బంగళా తలుపుకు తాళం వేసి ఉంది. ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. మంచం మీద పక్క చుట్టి ఉంది. మూలుగు లేదు, మందు వాసన లేదు. సర్వే గుమాస్తా గుర్తుకొచ్చి ఆమె కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది.

"బాబుగారు పోయారా? చెప్పరా, పోయారా?"

"అయ్యో, నేదమ్మగోరూ! అలాగనకండి," అని భీమన్న కావిడి దించి, దిగువకు చెయ్యి చూపాడు.

అక్కడ రెండు గుడిసెలున్నాయి. ఒకదాని ముందు, ఎండలో, అడ్డాకుల విస్తరి ముందు రామచంద్రమూర్తిగారు చతికిలబడి కూర్చున్నారు. రంగు తేలి, కాస్త ఒళ్లు చేసి ఉన్నారు. చుట్టూ ముగ్గురు పిల్లలు. ఒక ముసలమ్మ ఆయన ఆకులో రాగిపిండితో చేసిన చోడిసంకటి పెడుతోంది. ఆ ముసలమ్మ భుజాల మీద ఉన్ని శాలువ ఉంది. పిల్లల్లో ఒకడు ఏదో అంటే ఆయన నోటినిండా ముద్దతో పెద్దగా నవ్వారు. పెట్టెలు చూసి ఇన్ని సంగతులు పోల్చుకున్న బాలాంబకు ఈ నవ్వు ఏ డబ్బాలోనూ కనిపించలేదు.

ఆయన తలెత్తి చూసి, ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డారు.

"బాలాంబగారా! మీరేమిటి ఇక్కడ?"

"జ్వరమనుకున్నానండి," అంది.

ముసలమ్మ భీమన్న తల్లి సోమలమ్మ. "ఎండన పడొచ్చినాది, నిలబెట్టి మాటాడతారేటి బాబూ? రా తల్లీ, కూకో," అంటూనే దగ్గు తెర వచ్చి కూలబడింది. మురబ్బా ఎక్కడికి పోయిందో, మాత్రలు ఎవరు మింగారో బాలాంబకు అర్థమయింది.

ఆయన చెయ్యి కడుక్కుని బంగళా వరండాలోకి వచ్చి, తప్పు చేసినవాడిలా స్తంభం పక్కన నిలబడ్డారు.

"ఇలా వాళ్లింట తినబట్టి ఎన్నాళ్లయింది?" అని బాలాంబ అడిగింది.

"ఏడాదిన్నర. మొదట్లో మీ పెట్టెలోదే తినేవాణ్ణి. బాగుండేదండి, అబద్ధం చెప్పను. కాని ఈ గదిలో ఒక్కణ్ణే కూర్చుని తినలేకపోయాను. ముద్ద గొంతు దిగేది కాదు. ఒకరోజు వాళ్లు పిలిచారు, వెళ్లాను."

"మరి పెట్టె?"

"కూలీలకు పంచేసేవాణ్ణి. మానేయండని రాద్దామంటే మీరు బాధపడతారని. ఈసారి చీటీ ముందే రాసిచ్చి నేను పనిమీద అవతలి కొండకు వెళ్తే, పంచకముందే రోజు వచ్చిందని భీమన్న అలాగే దించేశాడు." ఆయన గొంతు తగ్గించారు. "కొండవాళ్ల చేతి కూడు తింటున్నానని నర్సీపట్నంలో తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వరండి. ఉద్యోగం సంగతి సరే. వీళ్లని కూడా బతకనివ్వరు."

ఒక్కణ్ణే తినలేకపోయానన్న మాట దగ్గరే బాలాంబ ఆగిపోయింది. విధవ అయిన నాటినుంచి, ముప్పై నాలుగేళ్లుగా, ఆమె అందరికీ వేరుగా ఒక్కతే తింటోంది. అది తినలేనంత కష్టమని ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

దిగువన సోమలమ్మ, పిల్లలు చేతులు ఆపి ఇటే చూస్తున్నారు.

"మీరు వెళ్లండి. అన్నం మధ్యలో లేచారు," అంది బాలాంబ.

"మరి మీరో?"

"నాకు మడి ఉంది."

ఆయన వెళ్లారు. కాసేపటికి సోమలమ్మ మనవరాలు నాలుగు అరటిపళ్లు తెచ్చి, ముట్టుకోకుండా మెట్టు మీద పెట్టి పరుగెత్తింది. వరండాలో గోడవైపు తిరిగి కూర్చుని బాలాంబ రెండు పళ్లు తింది. మిగతా రెండు ఎందుకో తినాలనిపించలేదు. చూడాలని పదిహేనేళ్లు ఊహించుకున్న బంగళా అదే. నూతికి తాడు ఉంది.

మూడోనాడు నర్సీపట్నం బజారులో హెడ్ గుమాస్తా ఎదురుపడ్డాడు. పక్కన ఇద్దరు గుమాస్తాలు ఉన్నారు.

"ఏమండీ బాలాంబగారూ, ఓవర్సీరుగారి జ్వరం తగ్గిందా?"

ఊరికే జ్వరం లేదంటే, మరి ఏం తింటున్నాడని అడుగుతారు. జ్వరమంటే డాక్టరును పంపుతారు. ఈ రెండూ ఆమె దారిలోనే ఆలోచించుకుంది.

"జ్వరం లేదండి. ఆ జాడీ కిందటి నెలది. కొత్తది ఖాళీయే. నేను సరిగా చూడలేదు."

"చూడకుండానే కొండ ఎక్కేశారా!"

"ఎక్కేశానండి."

ముగ్గురూ నవ్వారు. ఇప్పుడు ఆపుకోవలసిన అవసరం కూడా వాళ్లకు కనిపించలేదు. ఆ నవ్వు మామూలు నవ్వు కాదని వర్ధనమ్మ వారం తిరక్కముందే చెప్పింది. విధవ మనిషి, పిలవని బంగళాకు వెళ్లి వచ్చింది. పేరున్న ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే పెట్టె తీసుకుపోయారు. సంక్రాంతి నాటికి గదిలో గోడలు కనిపించాయి. మిగిలినది ఓవర్సీరుగారి పెట్టె ఒక్కటే. అది వెళ్లడం మానేస్తే ఊరంతా మళ్లీ ఆలోచించడం మొదలుపెడుతుంది.

భీమన్న ఖాళీ పెట్టె దించి, ఈసారి తల ఎత్తి ఆమెను చూశాడు. బాలాంబ చేట ముందు వేసుకుని కూర్చుంది.

"మీ ఇంట్లో ఎంతమంది భీమన్నా?"

"అయిదుగురం తల్లీ. బాబుగోరితో ఆరు."

ఆమె సోల తీసుకుంది. పదిహేనేళ్లలో ఏ పెట్టెకైనా ఒక మనిషికే కొలిచింది. ఆరుగురికి కొలవడం చేతికి తెలియలేదు. మూడో సోల దగ్గర లెక్క తప్పి, బియ్యం మళ్లీ కుండలో పోసి, మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టింది.