మూడో వార్డు గీత

పిచ్చేశ్వరరావు నాకు వరసకి బావ. ఇద్దరం అచ్చులు చెక్కేవాళ్ళమే. పెడనలో గుడ్డల మీద పువ్వులూ తీగలూ అద్దడానికి వాడే టేకు అచ్చులు చాలావరకు మా ఊరి నుంచే వెళ్ళేవి. ఊళ్ళో ఉలి పట్టినవాళ్ళు తొమ్మిదిమంది. అందులో మొదటివాడెవరని అడిగితే అందరూ పిచ్చేశ్వరరావు పేరే చెప్పేవాళ్ళు. రెండోవాడెవరని ఎవరూ అడగరు. ఆ రెండోవాణ్ణి నేను.

అతను తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. నాకు నేర్పినవాళ్ళు లేరు. అరిగిపోయాయని పారేసిన అచ్చులు ఏరుకొచ్చి, మైనంలో ఒత్తి చూసి, ఉలి ఎటునుంచి ఎటు వెళ్ళిందో కనిపెట్టుకుంటూ నేర్చుకున్నాను. ఆ పారేసిన అచ్చుల్లో సగం అతని తండ్రి చెక్కినవే. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అచ్చులో కష్టం పువ్వు దగ్గర లేదు. పువ్వు ఎవరైనా చెక్కుతారు. ఒకసారి అద్దిన అచ్చు పక్కన మళ్ళీ అదే అచ్చు అద్దినప్పుడు తీగ తెగినట్టు కనపడకుండా తీగలో కలిసిపోవాలి. దాన్ని అతుకు అంటాం. పిచ్చేశ్వరరావు అచ్చుతో ఇరవై గజాల గుడ్డ అద్దినా అతుకు ఎక్కడుందో దొరికేది కాదు. నేను వెతికాను గనక చెబుతున్నాను. బందరు బజారులో, పెళ్ళిళ్ళలో, దుప్పటి పరిచి ఉన్న ప్రతిచోటా వంగి వెతికాను.

"నలుగురిలో ఆ దుప్పటి ఎత్తి చూడటం ఏమిటండీ? కింద పాముందనుకుంటారు" అని మా ఆవిడ వెంకటరత్నమ్మ విసుక్కునేది.

పోనీ అతను గొప్పలు చెప్పుకునేవాడా అంటే అదీ లేదు. చెప్పుకుని ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. పొట్టి వేళ్ళు, మెల్లకన్ను, ఎప్పుడూ మోకాళ్ళ మీద టేకు పొట్టు. అడిగినదానికి జవాబు, అంతే. షావుకార్లు బస్సు దిగి నేరుగా తూర్పు మలుపులో ఉన్న అతని ఇంటికే నడిచేవాళ్ళు. దారిలో మా అరుగు ముందునుంచే వెళ్ళాలి. "ఏం నాంచారయ్యా, కులాసానా?" అని పలకరించి మరీ వెళ్ళేవాళ్ళు. అతనికి చేతినిండా పని ఉండి కాదన్నప్పుడు నా దగ్గర ఆగేవాళ్ళు.

అరవైనాలుగో సంవత్సరం వేసవికి పంచాయతీ ఎన్నికలు వస్తాయన్నారు. మా వీధి మూడో వార్డు. రంగులు కడిగిన నీళ్ళు పోయే దారిలేక వీధి మధ్యలో నిలవుండేవి. మురుగుకాలవ కోసం పంచాయతీలో గట్టిగా అడిగేవాడు కావాలని నేతవాళ్ళూ మావాళ్ళూ కలిసి పిచ్చేశ్వరరావు దగ్గరికి వెళ్ళారు. మూడుసార్లు నాకెందుకన్నాడు. నాలుగోసారి సరేనన్నాడు. మా వార్డులోనే ఉండే పైవీధి రైతుల తరఫున పెద్దరైతు అచ్యుతరావుగారి తమ్ముడు పోటీకి దిగుతున్నాడు.

ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు నేను.

"ఆయన మెంబరైతే మీకేమిటి నష్టం?" అంది మా ఆవిడ.

"పనిలో ముందున్నాడు, సరే. కుర్చీ కూడానా?" అన్నాను.

"మీరు నిలబడకపోయారా?"

"నన్నెవరు అడిగారు?"

ఆమె మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది.

మా వీధి చివర, కాలవగట్టు మీద రాజారత్నం మాస్టారి ఇల్లు. మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. తల్లి దేవమ్మగారు, ఆయన, ఆయన భార్య. బడి వదిలాక పేపరు పట్టుకుని మా అరుగు మీద కూర్చోవడం ఆయనకి అలవాటు. నేను చెక్కుతుంటే ఆయన చదివి వినిపించేవారు.

"అమెరికాలో నవంబరులో ఎన్నికలు నాంచారయ్యా. అక్కడ ఇప్పుడు గొడవంతా దేనిమీదో తెలుసా? గీతల మీద."

"ఏం గీతలండీ?"

"నియోజకవర్గాల హద్దులు. ఒకచోట ఒక మెంబరుకి ఎనిమిది లక్షలమంది జనం. పక్కనే ఇంకో మెంబరుకి మూడు లక్షలు కూడా లేరు. ఇదేం న్యాయం, మళ్ళీ గీయండని వాళ్ళ పెద్దకోర్టు చెప్పింది."

"మళ్ళీ గీసేదెవరు?"

"ఇంకెవరు, మొదట గీసినవాళ్ళే" అని నవ్వారు మాస్టారు.

తర్వాత సంచిలోంచి ఒక పత్రిక తీసి బొమ్మ చూపించారు. నూటయాభై ఏళ్ళనాటి నియోజకవర్గమట. వంకరటింకరగా సాగిన ఊళ్ళన్నీ కలిపితే ఒక జంతువులా ఉందని ఎవరో దానికి రెక్కలూ గోళ్ళూ తగిలించి వేశారు.

"ఇంత వంకర ఎందుకండీ?"

"ఎదుటిపక్షం ఓట్లు కొన్ని ఒకేచోట కుక్కారు, మిగిలినవి చెదరగొట్టారు. ఓటు చెరపలేదు, పెట్టె ఎత్తుకుపోలేదు. గీత జరిపారంతే. చూశావా, మనుషులు ఎక్కడివాళ్ళైనా ఒకటే."

ఆయన అందులో అన్యాయాన్ని చూశారు. నేను మలుపుల్ని చూశాను. ఉలి అక్కడ ఎలా తిరగాలా అని ఆలోచించాను.

వారం తిరగకుండా పంచాయతీ గుమాస్తా నాగభూషణరావు మా అరుగు ఎక్కాడు. చేతిలో కరణంగారు పెన్సిలుతో వేసిన ఊరి పటం ఉంది.

"వార్డుల పటాలు ఎనిమిది కావాలయ్యా. ఆఫీసు గోడకి, చావడికి, బడికి, తాలూకాకి. చేత్తో వేస్తే ఈ జన్మకి అవదు. అచ్చులు చెక్కి కాగితం మీద అద్దిపెట్టు. నీ కూలి నీకిస్తాం."

"నా దాకా వచ్చారేమిటండీ?"

"ముందు పిచ్చేశ్వరరావునే అడిగాను. తాను నిలబడుతున్నాడు గదా, తన చేత్తో హద్దులు వేస్తే బాగుండదన్నాడు. నాంచారయ్యకివ్వండి, శుభ్రంగా చేస్తాడన్నాడు."

ఎప్పటిలాగే అతను కాదన్నాకే పని నా దగ్గరికి వచ్చింది. ఈసారి సిఫార్సు కూడా అతనిదే.

పటం ముందేసుకుని కూర్చున్నాను. కరణంగారి గీత కాలవ వెంబడే తిన్నగా వెళ్ళింది. కాలవకి ఇవతల మూడో వార్డు, అవతల రైతుల నాలుగో వార్డు. తూర్పు మలుపులో పిచ్చేశ్వరరావు ఇల్లు, అతని అన్నదమ్ములవీ మేనల్లుళ్ళవీ ఇంకో అయిదిళ్ళు. ఆ ఆరిళ్ళలో ముప్ఫై ఒక్క ఓట్లు. గీత కాలవ దాటి లోపలికొచ్చి, కొక్కెంలా ఆ ఆరిళ్ళనీ చుట్టి, వెనక్కి కాలవలో కలిస్తే చాలు. ఆ ఇళ్ళు నాలుగో వార్డులోకి పోతాయి. అతను నిలబడాలంటే మూడులో నిలబడొచ్చు, కాని తన ఓటే తనకి ఉండదు. నాలుగులో నిలబడితే అందరూ రైతులే. లెక్క తేడా రాకుండా నాలుగో వార్డులోంచి ఆరిళ్ళు ఇటు లాగాను.

చెక్కేటప్పుడు అతని మీద కోపం గుర్తుకే రాలేదు. పని అంత కష్టంగా ఉంది. వార్డుకో రంగు, రంగుకో అచ్చు. హద్దుకి నల్లగీత వేయలేదు. ఒక రంగు ఆగినచోట ఇంకో రంగు మొదలవ్వాలి, అదే హద్దు. మా ఊళ్ళో అలా ఎవరూ చేసి ఉండరు. కొక్కెం మెడ దగ్గర చెక్క చీపురుపుల్లంత మిగిలింది. తడిగుడ్డ చుట్టి ఒక పూట ఉంచి, పక్కనుంచి ఉలి తోశాను. విరగలేదు.

ఎనిమిది పటాలూ అద్దిచ్చాను. గుమాస్తా పెన్సిలు పటంతో పోల్చి చూడనైనా లేదు. "అబ్బ, కలంకారీ దుప్పటిలా ఉందయ్యా!" అని మురిసిపోయి, ఆ పటం చూసే వార్డువారీ జాబితాలు రాశాడు.

శుక్రవారం ఆఫీసు గోడకి పటం పెట్టారు. జనం మూగారు. నేను వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

"పిచ్చేశ్వరరావు బావని కాలవ దాటించేశారే!" అన్నాడు నేత నూకరాజు. "ఇక ఓటుకి పడవ కట్టించుకోవాలి కాబోలు."

పైవీధివాళ్ళు పకపకా నవ్వారు. మా వీధివాళ్ళు గుమాస్తా మీదికి వెళ్ళారు. గుమాస్తా పటం వైపు, జాబితా వైపు, నా వైపు చూస్తున్నాడు. అంతలో జనాన్ని తోసుకుంటూ దేవమ్మగారు వచ్చారు.

"ఏం నాయనా, మా ఇంటి నంబరు మూడులో లేదు, నాలుగులో లేదు అంటున్నాడు మావాడు. నేను బతికున్నట్టా, పోయినట్టా? యాభైరెండు నుంచి ఒక్క ఓటూ మానలేదు నేను. జ్వరమొచ్చినా వెళ్ళి వేశాను."

గుమాస్తా నోరు తెరిచేలోగా పిచ్చేశ్వరరావు పటం దగ్గరికి వెళ్ళాడు. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా నిలబడి, తన ఇంటిని చుట్టిన కొక్కెం మీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పాడు. నవ్వులు ఆగిపోయాయి. అతను వెనక్కి తిరిగి జనంలో నన్ను వెతికాడు.

"మెడ దగ్గర ఇంత సన్నం ఎలా నిలిచింది బావా? చెక్క పోగుకి అడ్డంగా కదా వచ్చావు?"

"పక్కనుంచి వచ్చాను" అన్నాను. "ముందు తడిగుడ్డ చుట్టి ఉంచాను."

"నాకు తట్టలేదు సుమా" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళలో అతని నోట నేను విన్న మెప్పు అది ఒక్కటే. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన ఆ గీత ఎందుకోసం గీశానో మర్చిపోయాను.

"ఇక్కడ మాత్రం అతుకు కలవలేదు" అన్నాడు వెంటనే.

అతని వేలికింద, నాలుగో వార్డు ఎర్రరంగుకీ మూడో వార్డు నీలానికీ మధ్య, కాలవగట్టు మీద వడ్లగింజంత తెలుపు. కొక్కెం మెడ కాపాడుకునే ధ్యాసలో రెండు అచ్చులూ అక్కడ కలవాలన్న సంగతి చూసుకోలేదు. దేవమ్మగారి ఇల్లు ఆ తెలుపులో ఉంది. తన ఇంటి గురించి, తన ఓట్ల గురించి పిచ్చేశ్వరరావు ఒక్కమాట అనలేదు. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

"దానిదేముందయ్యా, చుక్క నీలం పూసెయ్" అన్నాడు గుమాస్తా. "అభ్యంతరాలకి ఎటూ సోమవారం దాకా గడువుంది."

బయటికొస్తుంటే రాజారత్నం మాస్టారు ఎదురుపడ్డారు. తల్లి చెయ్యి పట్టుకుని ఉన్నారు.

"నేను చదివి చెప్పింది వార్త నాంచారయ్యా" అన్నారు. "పాఠం కాదు."

గుమాస్తా తిరిగిచ్చిన పటాలు ఇంటికి తెచ్చి ముందేసుకుని, నీలం గిన్నె, కుంచె తీసుకున్నాను. ఎనిమిది చుక్కలు పెడితే అయిపోతుంది. దేవమ్మగారికి ఓటు వస్తుంది, కొక్కెం కొక్కెంలాగే ఉంటుంది. కుంచె ముంచాను గాని చెయ్యి ముందుకి పోలేదు. అతుకు తప్పినచోట కుంచెతో పూయడం చేతకానివాడి పని. దాన్ని తాలూకా ఆఫీసుకి పంపితే నాంచారయ్య పని అని పంపినట్టే.

ఇంకో చెక్క తీసి కొక్కెం మళ్ళీ చెక్కవచ్చు. ఈసారి అతుకు కూడా కలిపేవాణ్ణి, ఆ మాత్రం పని నాకొచ్చు. కాని అది గోడకెక్కాక మళ్ళీ అతనొచ్చి వేలు పెడతాడు. అతుకు బాగానే కలిసిందంటాడు. తన ఇంటిని వెలివేసిన గీతని నిలబడి మెచ్చుకుంటాడు. అంతకంటే చెంపదెబ్బ నయం. ఓట్లు తీసేసినా అతను నాకంటే పైనే ఉన్నాడు.

అతను వంక పెట్టలేనిది, మెచ్చుకోవడానికి చోటివ్వనిది ఒక్కటి చేయాలనిపించింది. కరణంగారి పెన్సిలు గీత తీసుకుని, కాలవ వెంబడే మూడూ నాలుగూ అచ్చులు కొత్తగా చెక్కాను. ఇది మంచితనమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆదివారం సాయంత్రానికి ఎనిమిది పటాలూ అద్ది ఆరబెట్టాను.

సోమవారం తీసుకెళ్తే గుమాస్తా తల పట్టుకున్నాడు.

"ఊరికే మార్చడానికి వీల్లేదయ్యా. ఎవరో ఒకరు అభ్యంతరం రాసి సంతకం పెట్టాలి."

"నేను పెడతాను."

"పటం చెక్కిన నువ్వే పటం మీద అభ్యంతరమా! ఏమని రాయమంటావు?"

"చెక్కినవాడు గీత కావాలనే జరిపాడని రాయండి."

అతను కలం ఆపి నా మొహం చూశాడు. ఏమనుకున్నాడో, "చెక్కడంలో పొరపాటు" అని రాసుకుని కాగితం నా ముందుకి తోశాడు. సంతకం పెట్టాను. పాత పటాలు చింపేశారు. జాబితాలు మళ్ళీ రాశారు. దేవమ్మగారు తన నంబరు రెండుసార్లు చదివించుకుని వెళ్ళారు.

పిచ్చేశ్వరరావు కూడా వచ్చాడు. కొత్త పటం ముందు నిలబడి ఎర్రరంగూ నీలమూ కలిసేచోట ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. ఎక్కడా వెంట్రుక దూరే సందు లేదు, నాకు తెలుసు. అతనికీ తెలిసింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

వంకర గీతకి మెప్పు దొరికింది. తిన్నని గీతకి ఒక్కమాట రాలేదు.

ఓటింగు రోజు బడిలో దేవమ్మగారి వెనకే వరసలో నిలబడ్డాను. ముద్ర చేతికిచ్చారు. నాసిరకం ముద్ర, అంచులు అరిగి ఉన్నాయి. ఎవరు చేశారో గాని చేయడం రాదు. మరుగులోకి వెళ్ళి, రెండు గుర్తులూ చూసి, పిచ్చేశ్వరరావు గుర్తు మీద గట్టిగా వేశాను. నా ఒక్క ఓటుతో గెలిస్తే జన్మంతా ఆ సంగతి నాకు తెలిసి ఉంటుంది కదా అని నా ఆశ.

అతను పదిహేడు ఓట్ల తేడాతో గెలిచాడు.