మస్తాన్‌బీ ఆంటీ ముందు తీసిన చీటీలు

నందిగామలో మా పక్కింటివాళ్ళు గోడ కట్టుకుంటున్నారు. ఈ పొద్దున తడి సిమెంటు వాసన వంటింట్లోకి వచ్చింది. పొయ్యి తగ్గించి కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది మస్తాన్‌బీ ఆంటీ. జగ్గయ్యపేటలో మా పక్కింటావిడ. భర్త పోయాక సిమెంటు కొట్టు ఆవిడే నడిపేది. దేవుడు నాకు చేసిన మేళ్ళు తలుచుకునేటప్పుడు ఆవిడ పేరు ముందు వరుసలోనే ఉంటుంది.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరొచ్చి ఎన్ని బస్తాలడిగినా, "ముందు ఏం కడుతున్నారో చెప్పండి" అనేది. ఒకాయన ప్రహరీ గోడన్నాడు. ఆవిడ నాలుగు ప్రశ్నలు వేసేసరికి అది గోడ కాదు, తమ్ముడి మీద కోపమని తేలింది. "కోపానికి సిమెంటెందుకండీ, ఇంటికెళ్ళి పడుకోండి" అని పంపేసింది.

చిన్నప్పటి ఆయాసం వల్ల నేను బడికి వెళ్ళలేదు. అమ్మే ఇంట్లో చదివించి, ఓపెన్ స్కూల్లో ఇంటర్ దాకా పరీక్షలు రాయించింది. చిక్కల్లా డిగ్రీ దగ్గరొచ్చింది. ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఆ సాయంత్రమే ఆఖరు. నాన్న బి.కామ్ కంప్యూటర్స్ అన్నారు, అమ్మ బి.ఎస్సీ అంది. నా మనసేమో యూనివర్సిటీలో బి.కామ్ జనరల్ మీద ఉంది. ఆ కొట్లో కూర్చుని కూర్చుని నాకు వ్యాపారం రుచి తగిలింది మరి. కానీ ఇంట్లో "నాకిది కావాలి" అని ఎప్పుడూ అన్నదాన్ని కాదు. ప్రార్థన చేసి చెబుతానని నాన్నకు మాటిచ్చి, ఆంటీ కొట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మూడు చీటీలు రాసి, టిఫిన్ బాక్సులో వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీశాను.

కంప్యూటర్స్. సరిగా కలపలేదనుకున్నాను. మళ్ళీ తీస్తే బి.ఎస్సీ. ప్రార్థన పొట్టిదైందనుకుని ఈసారి పొడుగ్గా చేశాను. మళ్ళీ కంప్యూటర్స్. నాలుగోసారి జనరల్ వచ్చింది. "స్తోత్రం!" అని నేనరిచిన అరుపుకి బస్తాలు దించుతున్నవాళ్ళు ఆగి చూశారు.

ఆంటీ కళ్ళద్దాలు పైకి నెట్టింది.

"ఏమే రూతూ, మొదటి మూడుసార్లూ మీ దేవుడు టీకి వెళ్ళాడా?"

"అది కాదాంటీ..."

"మరేంటి? నీక్కావాల్సింది వచ్చేదాకా ఆయన్ని వదలట్లేదుగా! నేనూ ఐదుపూటలా నమాజు చేస్తా. నా ఇంట్లోవాళ్ళకి నేను చెప్పాల్సింది మాత్రం ఆయన చేత చెప్పించను. చెయ్యి, మీ నాన్నకి ఫోన్ చెయ్యి."

చీటీ బాక్సులో పడేసి చేశాను.

"దేవుడేమన్నాడమ్మా?" అన్నారు నాన్న.

"దేవుడు కాదు నాన్నా, నేనే చెప్తున్నా. నాకు బి.కామ్ జనరల్ కావాలి."

"ఎవరన్నా అడిగితే ఏం చెప్పుకోవాలే? ఇంకేదీ రాక చేరిందనుకుంటారు" అన్నారు.

"మా అమ్మాయి యూనివర్సిటీలో చదువుతోందని చెప్పుకోండి."

"మా అమ్మాయి యూనివర్సిటీలో..." నాన్న ఒకసారి అని చూసుకున్నారు. "బాగానే ఉంది. పెట్టెయ్."

పెట్టేశాను. ఆంటీ నా టిఫిన్ బాక్సులోంచి చీటీలు తీసేసి రెండు జామకాయ ముక్కలు వేసింది.

ఇవాళ నందిగామలో ఒక విత్తనాల డీలరు దగ్గర మేనేజరుగా ఉన్నాను. ఆంటీ ఇప్పుడు లేదు. నేను మాత్రం ప్రతి పూటా మోకరిస్తాను. "నీ చిత్తమే జరగనీ" అనేముందు, నా చిత్తమేమిటో దాచకుండా చెప్పేస్తాను. ఆయనకు ముందే తెలుసనుకోండి. చెప్పే అలవాటు తప్పకూడదని నేనే చెబుతాను.