నైట్ డ్యూటీ నిద్ర

హిందీ మాట్లాడే పర్సుడీహ్ దగ్గర మా రైల్వే క్వార్టర్లలో దేవుడి తర్వాత అంత భయభక్తులు నైట్ డ్యూటీ చేసొచ్చినవాడి నిద్రకే. పగలు మంచమెక్కిన మనిషిని లేపడం మహాపాపం. పక్కింటివాళ్ళు సైతం రోట్లో పచ్చడి నూరేవారు కాదు. రాత్రంతా వ్యాగన్లు ఢీకొట్టుకునే చోట చెంచా చప్పుడుకి ఎవడు లేస్తాడని నాన్న నవ్వేవాడు గానీ, తను పడుకున్నప్పుడు ఆ మర్యాద జరగాల్సిందే.

అమ్మ తమ్ముడు, మా చిన్నమావయ్య, యార్డులో ఖలాసీ. మా ఇంట్లోనే ఉండేవాడు. అమ్మ తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబు. ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం పొద్దున, నైట్ డ్యూటీకని వెళ్ళినవాడు తూలుతూ వచ్చాడు. సారా వాసన లేదు కాబట్టి అమ్మకు అనుమానం రాలేదు.

"మొకం అలగుందేట్రా?" అంది.

"కుఛ్ నహీ అప్పా. నీంద్ ఆ రహీ హై."

ఏమీ లేదక్కా, నిద్రొస్తోందంటే మా ఇంట్లో ఇంకెవరూ నోరెత్తరు. అమ్మ కిటికీకి దుప్పటి కట్టింది. రేడియో ఆపింది. గురక తెగితెగి వింతగా వస్తుంటే, పాపం ఎంత అలిసిపోయాడోనని మమ్మల్ని వీధిలోకి తోలేసింది. కాసేపటికి గురక ఆగింది. ఇప్పుడు హాయిగా పడుకున్నాడని పక్కింటావిడతో సంతోషంగా చెప్పింది.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన నాన్న గదిలోకి తొంగిచూశాడు. మావయ్య పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు నీలంగా ఉన్నాయి. నాన్న, మావయ్యను పేరు పెట్టి పిలుస్తూ అరిచాడు. పగటి నిద్ర మీద మా ఇంట్లో ఎవరైనా అరవడం అదే మొదలు. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం దారిలోనే పోయిందన్నాడు డాక్టరు. పొద్దున్నే తెచ్చుంటే చూసేవాళ్ళమన్నాడు.

సాయంత్రం మావయ్య స్నేహితుడొకడు ఏడుస్తూ అసలు సంగతి చెప్పాడు. ఆ రాత్రి వాళ్ళసలు డ్యూటీకే వెళ్ళలేదు. బిష్టుపూర్‌లో సినిమా చూసి, డాక్టరు చీటీ అడగని మందుల షాపులో నిద్రమాత్రలు కొని, మత్తు కోసం సరదాగా మింగారు. అది వాళ్ళకు కొత్తేమీ కాదట.

అమ్మ అంతా విని, "సెయ్యని డ్యూటీకి నాను కాపలా కాసినాను" అంది.

తర్వాత నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న ప్రతిసారీ అమ్మ మధ్యలో వెళ్ళి భుజం పట్టి కుదిపేది.

"ఇదిగో, ఓసారి పలకండి."

నాన్నకు ముక్కుమీదే కోపం. అప్పుడు మాత్రం ఎన్నడూ కసురుకోలేదు. "ఉన్నానే" అని అటు తిరిగి పడుకునేవాడు. రిటైరయ్యేదాకా ఆయనకు ఒక్క పగలూ నిండా నిద్ర లేదు.