దిష్టికి వేసిన కొండమిరప

చీడికాడ సంతలో కొన్న కొండమిరపకాయల గింజలు చోడవరంలో మా పెరట్లో, పాత పెయింటు బకెట్లో చల్లితే ఒక్క మొక్క బతికింది. గోరంత కాయలు, పైకి నిక్కి చూస్తుంటాయి. చేపల పులుసులోకి రెండు చాలు. తొడిమతోనే వేసి, ఉడికాక ఏరేస్తాను. "ఇది మిరపకాయేటి, నిప్పు!" అని మా అత్తగారు తిట్టేవారు. తిడుతూనే మళ్లీ పులుసు పోసుకునేవారు.

ఆ రోజు పండిన కాయల్ని చేటలో ఎండబెట్టాను. నాలుగేళ్ల మా అమ్మాయికి ఒళ్లు వెచ్చగా ఉంది, అన్నం ముట్టలేదు. దానికి ఆయాసం జబ్బు, పొగ పడదు. ఇంట్లో అగరొత్తి కూడా వెలిగించం. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుండగా అత్తగారు దిష్టి తీశారు. డబ్బాలో ఎండుమిరపకాయలు అయిపోయాయట. చేటలోవి గుప్పెడు తీసి, ఉప్పుతో కలిపి పిల్ల చుట్టూ తిప్పి, పొయ్యి మీద కాలుతున్న పెనంలో వేశారు.

కాయలు సగమే ఎండాయి. చిటపటమన్నాయి గానీ ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే లెక్క.

"సూసేవా, గాటే రానేదు! ఎంత దిష్టి తగిలిందో గుంటకి!" అని పిల్లని చూపిస్తూ కిటికీలోంచి నాకు కేకేసి, ఇంకో గుప్పెడు వేశారు.

"ఒద్దత్తా! అయి కొండమిరపకాయలు!"

నేను గడప దాటేలోగా అన్నీ ఒక్కసారే మాడాయి. పొగలో పిల్ల దగ్గింది. తర్వాత దగ్గు కూడా ఆగిపోయింది. డొక్కలు ఎగరేస్తోంది, గాలి అందడం లేదు. ఎత్తుకుని వీధరుగు మీదికి పరుగెత్తాను. ఇన్‌హేలర్ ఎక్కడ పెట్టానో గుర్తు రాదు. పిల్లను అరుగు మీద కూర్చోబెట్టి, మళ్లీ లోపలికి పరుగెత్తి వెతికాను. చివరికి ఫ్రిజ్ మీద దొరికింది. ఒకసారి కొట్టాను, మళ్లీ కొట్టాను. పెదాలు నల్లబడుతున్నాయి. ఇంకోసారి కొట్టాక గొంతు చించుకుని ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ వెంటనే కోపమూ వచ్చింది. కడిగేద్దామని అత్తగారి కోసం చూశాను. అరుగు చివర గోడవైపు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. మిరప మంటేమో అనుకున్నాను.

"కళ్లు కడుక్కోండి," అన్నాను, కటువుగానే.

"మంట కాదమ్మా. నేను గుంటకేసి సూడను. పొద్దున్న ఒళ్లు సేసిందే అని ముద్దుగా అన్నాను కదా. నా దిష్టే తగిలింది."

పిల్లను తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టాను. ఆవిడ కళ్లు మాత్రం తెరవలేదు. గౌను మీద నుంచే పిల్ల వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందో లేదో అలాగే చూసుకుంటూ ఉండిపోయారు.