ఇల్లు చెప్తాను, దారి చెప్పను

"ఆఖర్న ఎక్కడికెల్లి నిలబడాల?" అని అడిగాడు మా ఆయన.

చెప్పాను.

"అంతే. మరి మర్సిపోకు," అన్నాడు.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. విశాఖ పెద్దాసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద. నేను టీ తేవడానికి కిందికి దిగాను. తిరిగి వచ్చేసరికి నిద్రపోతున్నాడనుకుని గ్లాసు మీద మూత పెట్టి పక్కన కూర్చున్నాను. అది నిద్ర కాదని నర్సమ్మ వచ్చి చెప్పేదాకా నాకు తెలీదు.

మధ్యలో నేను చెప్పిన మాట మాత్రం ఇక్కడ రాయించను. నేను చెబుతుంటే రాస్తున్నది మా అన్న కూతురు, కింద ఊళ్ళో అంగన్‌వాడీలో పని చేస్తుంది. దానికీ చెప్పలేదు. "ఏటత్తా, మొదట్లోనే సిల్లు పెట్టీసినావు," అని నవ్వింది. చిల్లే. నేను చెప్పేదంతా ఆ చిల్లు చుట్టూనే ఉంది.

టైడా దాటి అరకు ఘాట్ రోడ్డులో పైకి వస్తుంటే ఒక పెద్ద మలుపు దగ్గర మా పాక ఉంటుంది. కాఫీ, టీ, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, మా తోటలో పండిన మిరియాలు, పసుపు పొట్లాలు అమ్ముతాం. అమ్ముతాం అంటున్నాను, అలవాటు. ఇప్పుడు అమ్ముతాను.

కార్లలో వచ్చేవాళ్ళ జేబుల్లో నోట్లు ఉండడం ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. ఒకరోజు అందరూ "చిల్లర లేదమ్మా, స్కానర్ ఉందా?" అనడం మొదలుపెట్టారు. లేదంటే కాఫీ తాగకుండానే కారెక్కేవారు. అందుకని మా ఆయన గళ్ళ కాగితం తెచ్చి పాక గుంజకి అతికించాడు. దానితోపాటు మాట్లాడే పెట్టె కూడా వచ్చింది. ఎవరైనా డబ్బు వేస్తే అది గట్టిగా ఇంత వచ్చింది అని చెబుతుంది. పొత్తులు కాలుస్తూ పొయ్యి దగ్గరున్నా వినిపిస్తుంది. ఆ గొంతు ఒక పట్నం ఆడమనిషిది. "నీకంటే బాగా మాటాడతాది," అని నన్ను ఆటపట్టించేవాడు.

"అయితే పొత్తులు కూడా దాన్నే కాల్సమను," అనేదాన్ని.

మహిళా సంఘంలో ఉన్నాను కాబట్టి బ్యాంకు ఖాతా నా పేరు మీదే ఉంది. ఫోను మాత్రం ఆయన చేతిలో ఉండేది. నాకు చదువు లేదు. నా పేరు గీయగలను, అంతే. ఉప్పు కొన్నా, నూనె కొన్నా, బస్సెక్కినా నొక్కేది ఆయనే.

ఆయనకి ఆయాసం మొదలయ్యాక ఒకరోజు పాకలో కూర్చోబెట్టి ఫోను నా ఒళ్ళో పెట్టాడు. "నువ్వే కొట్టుకోవాల ఇంక," అన్నాడు.

"నాకు అంకెలెక్కడ వచ్చునయ్యా?"

"అంకెలెందుకే నీకు? ఇల్లు తెల్దా?"

తెర మీద గళ్ళు చూపించాడు. పై వరసలో మూడు. అవి అరుగు, గుమ్మం, కోళ్ళ గూడు. మధ్య వరసలో మంచం, కప్పు మోసే నిట్రాట, ధాన్యం గుమ్మి. కింది వరసలో పొయ్యి, నీళ్ళ కుండ, పెరటి తలుపు. అన్నిటికీ అడుగున ఒంటరిగా ఉన్న గడి పెరట్లో పనస చెట్టు. "ఇదిగో, ఈ వరసలో నడువు," అని వేలు పట్టుకుని నడిపించాడు. ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలో చూపించాడు. నేను కళ్ళు మూసుకుని కూడా నడిచేదాన్ని. ఆ ఇంట్లో పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నడుస్తున్నదే కదా. ఇల్లు ఎలా ఉంటుందో చెబితే తప్పులేదు, ఊళ్ళో అందరూ చూసిందే. దారి మాత్రం చెప్పను.

అప్పుడే ఇంకో మాట చెప్పాడు. "డబ్బు రావడానికి ఈ నడక అక్కర్లేదు. పోవడానికే కావాల. డబ్బొత్తాది నంబరు కొట్టమని ఎవుడైనా అన్నాడంటే ఆడు దొంగ."

"మా అన్నకి సెప్పొచ్చా?"

"నీ నీడక్కూడా సెప్పకు."

నాకు అది వింతగా అనిపించింది. మా కొండ మీద ఎవరూ ఏదీ ఒంటరిగా చెయ్యరు. విత్తనం జల్లినా, ఇల్లు కప్పినా, జ్వరమొచ్చినా పదిమంది ఉంటారు. సంతలో నోట్లు అందరి ముందే లెక్కపెడతాం, తప్పితే పక్కామె సరిచేస్తుంది. ఈ డబ్బు అలాంటిది కాదు. దీనికి వీపు తిప్పి నిలబడాలి, అరచెయ్యి అడ్డం పెట్టాలి. అయినా అప్పుడు కష్టం అనిపించలేదు. ఎందుకంటే దారి తెలిసినవాళ్ళం ఇద్దరం ఉన్నాం. పాకలో ఎదురెదురుగా కూర్చుని, గిరాకీ లేనప్పుడు ఆయన కళ్ళతోనే అడిగేవాడు, నేను మోకాలి మీద వేలితో నడిచి చూపించేదాన్ని. ఈ వయసులో మాకు ఒక గుట్టు దొరికింది. ఆసుపత్రిలోనూ ఆ ఆటే ఆడాం. ఆఖరి మాటల సంగతి ముందే చెప్పాను.

ఆయన పోయాక మొదటిసారి సంతకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఎండు చేపలు అమ్మే ఆమె నన్ను ఎప్పటినుంచో ఎరుగును. నేను ఫోను పట్టుకుని వెనక్కి తిరిగి నిలబడితే ఆమెకి నవ్వొచ్చింది.

"ఏటి వదినా, గోడకేసి తిరిగినావు? ఇలగియ్యి, నంబరు సెప్పు, బేగి కొట్టెత్తాను. ఇక్కడ అందరూ నాకే సెప్తారు."

"నాను కొట్టుకుంతాను."

"నీ నంబరుకేటి బంగారం తాపడం సేసి ఎల్లాడా మా అన్నయ్య?"

"సేసే ఎల్లాడు," అన్నాను. ఆమె నవ్వడం ఆపేసింది. రెండు చేపలు ఎక్కువ వేసి మూట కట్టింది.

ఆమెది మంచి మనసే. కాని ఆమెకి అందరి నంబర్లూ తెలుసు. ఎవరి డబ్బైనా పోతే ఆ నింద ఎవరి మీద పడుతుంది? ఆ మంచి మనసు మీదే. ఆమెతో అనలేదు గాని నాకు అనిపించింది.

వానాకాలంలో పాకకి ఎవరూ రారు. కొండంతా మబ్బులో ఉంటుంది. ఒకరోజు ఫోను మోగింది. "అమ్మా, బాగున్నావా, భోంచేశావా?" అని ఒక మగ గొంతు. కొడుకు పలకరించినట్టే ఉంది. పింఛను డబ్బు ఆగిపోయిందట, అతను వేయిస్తాడట. నేను ఏం తిన్నానో చెప్పాను. వాన గురించి చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. "సరేనమ్మా, ఇప్పుడు నీ నంబరు ఒక్కసారి కొట్టు, డబ్బు పడిపోతుంది," అన్నాడు. డబ్బు రావడానికి నడక అక్కర్లేదు. నాకు వెంటనే తెలిసింది అతను ఎవరో. తెలిసి కూడా ఫోను పెట్టెయ్యలేదు. "మీ అమ్మ ఉందా బాబూ?" అని అడిగాను. అతనే పెట్టేశాడు. ఆ వారంలో నాతో అన్ని మాటలు మాట్లాడిన మనిషి ఆ దొంగే. ఇది రాయొద్దంది మా కోడలు పిల్ల, అదే మా అన్న కూతురు. రాయమన్నాను.

ఆ వానకే పాక కప్పు కారి ఫోను తడిసింది. తెర మీద నీళ్ళ మరక పాకింది, ఫోన్లు చేయడానికి పనికొచ్చేది గాని డబ్బు యాప్ తెరుచుకోలేదు. అరకులో ఫోన్ల షాపు కుర్రాడు కొత్త ఫోను ఇచ్చి బ్యాంకువాళ్ళ సొంత యాప్ వేశాడు. "నంబరు పాతదే ఆంటీ. కాని ఇందులో అంకెలు ఒక్కోసారి ఒక్కో చోట ఉంటాయి. పక్కనోడు నీ వేలు చూసినా పట్టుకోలేడు. ఫుల్ సేఫ్టీ," అన్నాడు.

ఊరికి వచ్చి నూనె కొట్టు దగ్గర కొత్త ఫోనులో ఆ దారే నడిచాను. తప్పు అంది. మళ్ళీ నడిచాను. తప్పే. నేను గుమ్మంలోకే వెళుతున్నాను, గుమ్మం ఉన్నచోట పొయ్యి ఉంది. ఎవరో నా ఇల్లు ఎత్తి కుదిపి కింద పెట్టినట్టుంది. ఇంకోసారి తప్పేసరికి యాప్ మూసుకుపోయింది, రేపు రమ్మంది. కొట్టువాడు నూనె సీసా వెనక్కి తీసుకుని, నా ముఖం చూసి మళ్ళీ ఇచ్చాడు. "తరవాత ఇద్దువులే," అన్నాడు.

మర్నాడూ అంతే.

పాకలో పెట్టె మాత్రం అరుస్తూనే ఉంది. ఇంత వచ్చింది, ఇంత వచ్చింది. డబ్బు రావడానికి నంబరు అక్కర్లేదు కదా. నా డబ్బు నా కళ్ళ ముందే లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు. ఆ పట్నం గొంతు మీద మొదటిసారి నాకు కోపం వచ్చింది.

బ్యాంకు తరఫున వేలిముద్ర మీద డబ్బిచ్చే అతని దగ్గరికి వెళ్ళాను. నా వేళ్ళు పసుపు ఉడకబెట్టీ మిరియాలు నలిపీ అరిగిపోయాయి, మిషను ఒప్పుకోలేదు. తుడిచి పెట్టమన్నాడు, నూనె రాసి పెట్టమన్నాడు. ఏ వేలూ నాది కాదంది.

"పోనీ నంబరు సెప్పమ్మా, నాను కొడతాను."

"సెప్పను."

"అయితే కొత్తది పెట్టీమంటావా? పాతది పోతాది, నీకు గుర్తుండేది ఏదో ఒకటి పెడదాం. రెండు నిమిషాల పని."

అతని తప్పేమీ లేదు. కాని పాతది పోతాది అన్నాడు. ఆయన నన్ను చెయ్యి పట్టుకుని నడిపించిన దారి అది. నేను ఆయనతో అన్న ఆఖరి మాట అందులో ఉంది. ఆయన ఫోటో ఇంట్లో ఒకటి ఉంది, సరిగ్గా రాలేదు. చొక్కాలు ఇచ్చేశాం. ఇంక నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. ఇది ఉంచుకుంటే ఉప్పు కొనలేను. ఉప్పు కొనాలంటే దీన్ని చెరిపెయ్యాలి.

"రేపొత్తాను," అని వచ్చేశాను.

ఆ సాయంత్రం మా కోడలు పిల్ల వచ్చింది. జరిగింది చెప్పాను. కాసేపు ఆలోచించి, "పాత ఫోన్లో ఫోను సెయ్యడానికి నొక్కే గళ్ళు కదలవు కదత్తా?" అంది. కదలవు. "అయితే నీ గుమ్మం మీద ఏ అంకె ఉందో అందులో సూసుకో. అంకెని పట్టుకుంటే అది ఎక్కడికి పారిపోయినా నువ్వు ఎతుక్కోగలవు."

"ఆ గీతలు నాకు తెల్దే గుంటా."

"నాను నేర్పుతాను."

"నా గడులు నాలుగే. ఆ నాలుగే నేర్పితే నీకు తెలిసిపోదా?"

అది నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అందుకే పదీ నేర్పుతాను. ఏ నాలుగో నాకెందుకు?"

బొగ్గుతో అరుగు మీద ఒక్కొక్కటీ రాసింది. అంగన్‌వాడీ పిల్లలకి చెప్పినట్టే చెప్పింది, ఇది కొడవలి, ఇది బాతు, ఇది కోడిగుడ్డు. నేను తప్పు రాస్తే పిల్లల్ని అన్నట్టే "సెయ్యి జాపు" అంది. నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక ఇంట్లో నవ్వడం అదే మొదలేమో. పదీ వచ్చేదాకా రోజూ వచ్చింది. ఆఖరి రోజు, "ఇప్పుడు నాను పెరట్లోకి ఎల్తాను, నువ్వు సూసుకో," అని బయటికి వెళ్ళి పనస చెట్టు కింద నిలబడింది. ఇటు తిరగను కూడా లేదు.

పాత ఫోను తీసి, నా ఇంట్లో నా దారిలో నడుస్తూ, ఆగిన ప్రతిచోటా కింద ఏముందో చూశాను. తర్వాత కొత్త ఫోను తీశాను. గళ్ళన్నీ కలగాపులగంగా ఉన్నాయి. వెతుక్కుంటూ ఒక్కొక్కటే నొక్కాను. తెరుచుకుంది. నూనె కొట్టువాడికి డబ్బు పంపాను. పంపాక అక్కడే కూర్చుండిపోయాను.

అది వచ్చి, "అయిందా?" అంది.

"అయింది."

"మరెందుకేడుత్తన్నావు?"

ఎందుకో ఇప్పుడు చెబుతాను. అంకెలు నేర్చుకున్నాక ఇల్లు పోయింది. ఇప్పుడు నేను పొయ్యి దగ్గరికో గుమ్మం దగ్గరికో నడవడం లేదు, గీతలు వెతుకుతున్నాను. అయితే ఇంకోటి జరిగింది. ఆయనకి చెప్పిన ఆఖరి మాట ఒక అంకె అయిపోయింది కదా, అది నాకు అన్నిచోట్లా కనిపిస్తోంది. ఘాట్ రోడ్డులో కిలోమీటరు రాయి మీద ఉంది. కిరండోలు పోయే రైలు పెట్టె మీద ఉంది. ఎవరో టూరిస్టు పిల్లాడి చొక్కా వీపు మీద ఉంది. ఎవరికీ అది ఏమీ కాదు. నేను చూసి తల తిప్పుకుంటాను, మళ్ళీ చూస్తాను.

మొన్న సంఘం మీటింగులో పైనుంచి వచ్చిన మేడమ్ నోట్లు లేకుండా బతకడం గురించి చెప్పి, "మీకు ఇది భద్రంగా ఉందా?" అని అడిగింది. అందరూ నావైపు చూశారు, ఎవరికీ నంబరు చెప్పనిదాన్ని నేనే అని. నా జవాబు ఇంటికి వచ్చాక ఇలా రాయిస్తున్నాను. నా డబ్బు ఒక్క రూపాయి పోలేదు మేడమ్. తాళం గట్టిదే. కాని ఈ తాళం మనిషి ఒక్కత్తే నిలబడితేనే గట్టిగా ఉంటుంది. వేలు అరిగిపోయినదానికీ, చదువు రానిదానికీ పక్కన మనిషి కావాలి, పక్కన మనిషి ఉంటే తాళం వదులు. అందరికీ పెరట్లోకి వెళ్ళి వీపు తిప్పి నిలబడే కోడలు పిల్ల ఉండదు. నోట్లు పూర్తిగా తీసెయ్యకండి. సంతలో నలుగురి ముందు లెక్కపెట్టుకునే డబ్బు కొంత ఉండనివ్వండి.

భద్రత కోసం నంబరు అప్పుడప్పుడు మార్చమని ఫోన్లో మెసేజీలు వస్తున్నాయని మా కోడలు పిల్ల చదివి చెప్పింది. మార్చను.

ఇంక చాలు. ఓలమ్మీ, ఇప్పుడు మొదటినుంచీ చదివి వినిపించు. మెల్లిగా చదువు. ఎక్కడైనా నోరు జారి దారి చెప్పేసి ఉంటే ఆపుతాను, కొట్టేద్దువుగాని. మొట్టమొదట ఆయన అడిగిన మాట ఉంది చూడు, అది ఆయన అడిగినట్టే అడిగి, కాసేపు ఆగు. నేను లోపల జవాబు చెప్పుకుంటాను. తర్వాత ముందుకి చదువు.