నిద్రకు కూలి

1998 ఏప్రిల్‌లో నన్ను హోసూరు ఆఫీసు నుంచి కుందారపల్లి దగ్గర ఒక చాకీ కేంద్రానికి డిప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను పట్టుపురుగుల శాఖలో అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్‌ని. ఆ హోదాతో పాటు ఒక భూతద్దం, ఒక గొడుగు, పైవాళ్లూ కిందివాళ్లూ ఇద్దరి చేతా మాట పడే హక్కూ వచ్చేవి. కేంద్రం రైతుల సొసైటీది. పనివాళ్లకు కూలి ఇచ్చేది సొసైటీ, పురుగుల మంచిచెడ్డలకు జవాబు చెప్పాల్సింది నేను.

చాకీ అంటే తెలియనివారి కోసం రెండు మాటలు. గుడ్డులోంచి వచ్చిన పట్టుపురుగు చీమకన్నా చిన్నది. దాన్ని ఆ వయసులో రైతు ఇంట్లో సాకడం కష్టం. అందుకని ఒక శుభ్రమైన గదిలో వేడీ తేమా సమానంగా ఉంచి, లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి వేసి, రెండో జ్వరం దాటాక రైతులకు పంచుతారు. జ్వరం అంటే రోగం కాదు. ఒంటికి చర్మం చాలనప్పుడు పురుగు తిండి మాని, తల పైకెత్తి, కదలకుండా ఒక పగలూ ఒక రాత్రీ పడుకుని పాత చర్మం విడుస్తుంది. మా రైతులు దాన్నే జ్వరం అంటారు. అప్పుడు పురుగుల తట్టల మీద కప్పిన మైనపు కాగితం తీసి, గాలి ఆడనిచ్చి, కాస్త సున్నప్పొడి చల్లి, తలుపు దగ్గరికి వేసి బయటికి రావాలి. ఆ తర్వాత చేయాల్సిన పని ఏమీ లేదు. చాకీలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం అదే.

ఎందుకంటే మా దగ్గర పనిచేసే ఏడుగురు ఆడవాళ్లకూ ఊరికే కూర్చోవడం చేతకాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేతిలో చీపురో కొడవలో బిడ్డో లేకుండా కూర్చున్న పాపాన పోలేదు వాళ్లు. నేను వచ్చిన మొదటి విడతలో, మొదటి జ్వరం రోజున, వాళ్లలో పెద్దది మునెమ్మ నాలుగుసార్లు గదిలోకి తొంగిచూసి, చివరికి ఉండబట్టలేక రెండు గుప్పెళ్ల ఆకు చల్లి వచ్చింది. అడిగితే, "పాపం ఆకలితో తల పైకెత్తుకోని చూస్తా ఉండాయి మేడమ్. కూలి తీసుకుంటా ఎట్ల చూస్తా ఉండేది?" అంది. ముందు లేచిన పురుగులు ఆ ఆకు తిన్నాయి, వెనక లేచినవి వెనకబడ్డాయి. ఒకే తట్టలో కొన్ని పడుకుంటే కొన్ని తినే స్థితి వచ్చింది. అలాంటి పురుగులు రైతు ఇంటికి వెళితే పట్టుగూళ్లు కూడా ఎగుడుదిగుడుగానే వస్తాయి. ఆ విడత రైతులు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, కానీ కొన్ని చాలా బాగుండేవి.

కోపం తగ్గాక ఆలోచించాను. ఈ ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి, ఇల్లు చక్కబెట్టి, పాలు పితికి, పొద్దెక్కేసరికి మా దగ్గరికి వచ్చి తట్టల ముందు వంగుతున్నారు. అలసిన చేయి ఆగదు, అలవాటు కొద్దీ ఆడుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే మనిషిని పడుకోబెట్టడం ఒక్కటే దారి. అందుకని రెండో విడత నుంచి ఒక నియమం పెట్టాను. జ్వరం రోజు మధ్యాహ్నం భోజనం కాగానే, పురుగులు పడుకున్నట్టే మనమూ పడుకోవాలి. ఆకు గదిలో చాపలు వేస్తాం. కూలి మామూలే. ఎవరూ ఎవరినీ లేపకూడదు.

మొదటి రోజు ఒక్కరూ నిద్రపోలేదు. పగలు పడుకోవడం అంటే వాళ్లకు బాలింతగా ఉన్నప్పుడో జబ్బు చేసినప్పుడో జరిగే సంగతి. ఏడుగురూ వరసగా పడుకుని పైకప్పు చూస్తూ కిసుక్కుమన్నారు. ఒకరు ఆపితే ఇంకొకరు. నేను ఇన్‌స్పెక్టర్ గొంతు పెట్టి "నిద్రపోండి!" అని గద్దించేసరికి మునెమ్మ, "మా అత్త గూడా ఇట్ల ఎప్పుడూ అనలేదు మేడమ్, లేయమనే అరిచింది గాని" అంది. ఇంకేముంది, నేనూ చాప మీద కూలబడి కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. మూడో విడతకల్లా మాత్రం గది గుర్రుతో ఊగిపోయేది. మునెమ్మ గుర్రుకు తరిగిన ఆకు ఎగురుతుందని మిగతావాళ్లు ప్రమాణం చేసి చెప్పేవారు.

ఇంకో ఏర్పాటు కూడా చేశాను. మా ప్రాంతంలో నెలసరి నాళ్లలో ఆడవాళ్లు పురుగుల గదిలోకి పోకూడదని పాత కట్టడి. పోకపోతే ఆ పూట కూలి పోతుంది, పోతే మనసు పీకుతుంది. ఆ కట్టడితో వాదానికి దిగితే నా డిప్యుటేషన్ అంతా అక్కడే గడిచిపోయేది. నేను ఒక్కటే చెప్పాను. ఎవరికైనా వంగి పనిచేయలేని రోజు ఉంటే "ఈ పొద్దు నాకు నడుము" అంటే చాలు, కూర్చుని ఆకు తరిగే పని ఇస్తాను, ఎందుకని అడగను. పట్టింపు ఉన్నవాళ్లకు గది బయట పని దొరికింది, లేనివాళ్లకు సంజాయిషీ తప్పింది. వారం తిరక్కుండా మా వాచ్‌మన్ కూడా మీసం దువ్వుకుంటూ వచ్చి "ఈ పొద్దు నాకు నడుము" అన్నాడు. ఆయనకూ కత్తి, ఆకు ఇచ్చి కూర్చోబెట్టాను. నాకు నడుము పట్టిన రోజున నేనూ ఆయన పక్కనే కూర్చుని తరిగాను.

ఇవన్నీ సొసైటీ ప్రెసిడెంటు తిమ్మరాయప్ప చెవిన పడ్డాయి. ఆయన పెద్ద రైతు, కృష్ణగిరిలో ఎరువుల దుకాణం కూడా ఉంది. మనిషి చెడ్డవాడు కాదు, కానీ నిద్ర అంటే గిట్టేది కాదు. ఒక విడత రెండో జ్వరం నాటి మధ్యాహ్నం ఆయన ఇద్దరు డైరెక్టర్లను వెంటబెట్టుకుని చెప్పకుండా దిగాడు. ముగ్గురూ ఊళ్లో గృహప్రవేశం భోజనం చేసి, ఓళిగలు అనే బొబ్బట్లు, మామిడిపండ్లు దిట్టంగా లాగించి వచ్చారు. తలుపు తోసి చూస్తే ఏడుగురు ఆడవాళ్లు చాపల మీద, మునెమ్మ గుర్రు ఉచ్చస్థాయిలో.

"కూర్చోని తింటే కొండలు కరుగుతాయంటారు. ఈడ పడుకోని తింటా ఉండారే!" అన్నాడు తిమ్మరాయప్ప. నేను నోటి మీద వేలు పెట్టి ముగ్గురినీ వసారాలోకి నడిపించాను. ఆయన గొంతు తగ్గించి, అయినా కోపం తగ్గకుండా, రెండు మాటలు చెప్పాడు. ఇప్పుడే అందరినీ లేపి ఆకు వేయించాలి. ఈ నెల నుంచి నిద్రపోయిన పూటల కూలి కోసేయాలి. పూట కూలి కోస్తే వాళ్లు మానేస్తారని, చేయి తిరిగిన ఏడుగురినీ పోగొట్టుకుంటే కేంద్రం మూతపడుతుందని నాకు తెలుసు.

ఆకు వేయడం కుదరదని, అది నా బాధ్యత కింది సంగతని మర్యాదగానే చెప్పాను. కూలి ఆయన చేతిలోది. అక్కడ నాకు తిక్క పుట్టింది. "ప్రెసిడెంటప్పా, ఈ సాయంత్రం పురుగులు జ్వరం నుంచి లేస్తాయి. నూటికి తొంభై పైన లేచాక ఆకు వేయాలి. ఆ వేళకు ఈ ఆడవాళ్లు తమంతట తాము లేచి వేస్తే కూలి జోలికి రావద్దు. లేయకపోతే కూలి కోయండి, నేను కూడా పెట్టె సర్దుకుని హోసూరు వెళ్లిపోతాను" అన్నాను.

"ఎవరూ లేపకూడదు," అన్నాడాయన.

"ఎవరూ లేపరు," అన్నాను.

ఈ ధీమా వెనక ఒక కారణం ఉంది. ఏడుగురిలో పార్వతి అనే అమ్మాయికి చంటిబిడ్డ. సాయంత్రం అత్త బిడ్డను ఎత్తుకుని కేంద్రానికి వచ్చేది. ఆమె రావడానికి కాసేపు ముందే, ఎంత గాఢనిద్రలో ఉన్నా, పార్వతికి రొమ్ములు బరువెక్కి మెలకువ వచ్చేది. ఒక్క రోజూ తప్పగా చూడలేదు. ఆమె లేస్తే పక్కవాళ్లు లేచేవారు. ఆ గడియారానికి కీ ఇవ్వక్కర్లేదు.

పందెం కాశాక, వసారా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాక, అప్పుడు గుర్తొచ్చింది. మొన్నీమధ్యే ఆ బిడ్డకు అన్నప్రాశన చేశారు. అత్త రాగి గంజి మొదలుపెట్టింది. పాలు తాగే వేళలు మారిపోతున్నాయని పార్వతే నాతో చెప్పింది. ఏడు ఇళ్ల కూలిని ఒక చంటివాడి గంజి మీద పందెం కాశానా అనిపించింది.

డైరెక్టర్లిద్దరూ ఆకు తెచ్చిన గోనె పట్టాల మీద చేరగిలబడ్డారు. తిమ్మరాయప్ప నిటారుగా కూర్చుని కాపలా కాశాడు. ఎండ, ఓళిగలు, లోపలి నుంచి జోలపాటలా మునెమ్మ గుర్రు. ముందు ఒక డైరెక్టర్ పడిపోయాడు, వెంటనే రెండోవాడు. ప్రెసిడెంటు తల రెండుసార్లు వాలి, రెండుసార్లు లేచి, మూడోసారి లేవలేదు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నట్టు, కేంద్రాన్ని తనిఖీ చేయవచ్చిన కార్యవర్గం మొత్తం గోనె మీద బోర్లా పడి నిద్రపోయింది. నాకు ఒక పక్క ఏడుపు, ఇంకో పక్క నవ్వు. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

కాళ్లు మందునీళ్లలో ముంచి పురుగుల గదిలోకి వెళ్లి చూశాను. కొన్ని లేచాయి. కొత్తగా లేచిన పురుగు తల పెద్దదిగా, చర్మం వదులుగా ఉంటుంది, తిండి కోసం అటూ ఇటూ వెతుక్కుంటుంది. మళ్లీ వెళితే సగం లేచాయి. ఇంకోసారి వెళితే దాదాపు అన్నీ లేచి తలలు ఊపుతున్నాయి. ఆకు గదిలోకి చూస్తే ఏడుగురూ కదలడం లేదు. దగ్గాలనిపించింది, తలుపు గట్టిగా వేయాలనిపించింది. చేయలేదు. మాట ఇచ్చాను కాబట్టే కాదు. వాళ్ల ఒళ్లు వాళ్లకు చెబుతుందని కూలి ఇచ్చి నేర్పింది నేను. నేనే నమ్మకపోతే ఎలా?

అప్పుడు పార్వతి అటు నుంచి ఇటు ఒత్తిగిలింది. ఇంకోసారి కదిలింది. చటుక్కున లేచి కూర్చుని, తడిసిన రవిక మీద కొంగు లాక్కుని, నన్ను చూసి సిగ్గుపడింది. ఆ రాగి గంజికి కూడా లొంగని ఆమె ఒంటికి నేను లోపల్లోపలే దండం పెట్టుకున్నాను. ఆమె లేవడంతో పక్క చాప కదిలింది, ఆ పక్కది కదిలింది. చివరికి మునెమ్మ తన గుర్రు తనే మింగి, "పురుగులు లేసినాయా మేడమ్?" అంటూ లేచింది.

ఆడవాళ్లు చేతులు కడుక్కుని, వసారాలోకి వచ్చి, నిద్రపోతున్న కార్యవర్గాన్ని చూసి రాళ్లలా నిలబడిపోయారు. నేను సైగలతో జరిగింది చెప్పాను. లేపుదామా అని పార్వతి కళ్లతోనే అడిగింది. "ఎవరూ ఎవరినీ లేపకూడదు గదా, మేడమ్ రూలు" అని మునెమ్మ గుసగుసలాడింది. అంతే, ఏడుగురూ పొట్టలు పట్టుకుని, శబ్దం రాకుండా నవ్వుతూ లోపలికి పరిగెత్తారు. ఆకు అంతా నవ్వుకుంటూనే తరిగారు, నవ్వుకుంటూనే చల్లారు. అత్త బిడ్డను తెచ్చింది. పార్వతి వేప చెట్టు కింద కూర్చుని పాలిచ్చింది. బిడ్డ కూడా, ఆ పూట ఎందుకో, కిక్కురుమనలేదు.

పొద్దు వాలాక తిమ్మరాయప్ప లేచాడు. చెంప మీద గోనె గీతలు. ఎదురుగా కడిగి బోర్లించిన ఆకు తట్టలు, వరసగా కూర్చుని కాఫీ తాగుతున్న ఆడవాళ్లు.

"పురుగులు ఎప్పుడు లేసినాయి?" అని అడిగాడు.

"మీకంటే ముందే అప్పా," అంది మునెమ్మ.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కళ్లు నులుముకుని, నా వైపు కాక నేల వైపు చూస్తూ చెప్పాడు. "మూడు రాత్రులయ్యె ఇన్‌స్పెక్టరమ్మా కన్ను మూసి. మోటారుకు కరెంటు నడిరేతిరి ఇస్తారు. నీళ్లు కట్టుకోని వచ్చేతలికి తెల్లారతాది. పగలు పడుకుంటే ఊర్లో ఏమనుకుంటారో అని పడుకునేది లేదు." చెంప రుద్దుకుంటూ, "మా ఇంట్లో ఆమె గూడా అంతే. పురుగులు పడుకున్నా ఆమె పడుకునేది నేను చూడలే" అన్నాడు.

తర్వాత గొంతు సవరించుకుని ప్రెసిడెంటు అయిపోయాడు. కూలి కోయం అన్నాడు. కానీ వాళ్లు ముగ్గురూ ఇక్కడ పడుకున్నారన్న సంగతి ఊళ్లో పొక్కకూడదు, అదీ షరతు. అందరం ఒప్పుకున్నాం. మునెమ్మ ఇచ్చిన మాట ఇంటికి పోయే బస్సు ఎక్కేదాకా నిలిచింది.

నేను అక్కడ ఉన్నన్నాళ్లూ జ్వరం రోజు మధ్యాహ్నాలు కార్యవర్గం తనిఖీ క్రమం తప్పలేదు. డైరెక్టర్లు దుప్పటి వెంట తెచ్చుకునేవారు. ఒకసారి తిమ్మరాయప్ప భార్య కూడా వచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా, మునెమ్మ పక్కన చాప వేసుకుని పడుకుని వెళ్లింది.

ఆ తర్వాత 2000లలో నేను ఇంకో రెండు చాకీ కేంద్రాలు, ఒక పట్టుపురుగుల గుడ్ల కేంద్రం నడిపి రిటైరయ్యాను. ఎక్కడికి వెళ్లినా డ్యూటీ చార్టు వేసే ముందు పనివాళ్లను కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. పురుగులు ఎప్పుడు పడుకుంటాయి, మీరు ఎప్పుడు పడుకుంటారు. మొదటిదానికి అందరూ టక్కున జవాబు చెప్పేవారు. రెండోదానికి జవాబు దొరకని చోట, ఆ చార్టు ఎంత బాగా వేసినా పురుగులు ఎగుడుదిగుడుగానే లేచేవి.